ముప్పై ఒక్కేళ్ళ ఓబులమ్మ

నా ఫోటో యాడనో ఉండాదని
నాకు మొదట చెప్పింది ఒక మొగోడి గొంతు.
రాత్రి పదకొండున్నరకు ఫోను.
"ఊబలామానా? వంటొచ్చంట, ఇస్త్రీ వచ్చంట,
ఇంకా ఏమేం వచ్చు?"
అరబ్బీలో అడిగినాడు, నవ్వతా.
తొమ్మిదేళ్ళలో ఆ భాష బాగానే పట్టుబడింది నాకు.
పట్టుబడకుంటే బాగుండు అనిపించింది ఆ పొద్దు.

శుక్రవారం. జలీబ్‌లో మా రూము.
కింది మంచం ప్రిస్కిల్లాది,
కొవ్వూరు పిల్ల, ఫర్వానియా క్లినిక్కులో రక్తం తీసే పని.
నా పేరు కొట్టి వెతికింది. దొరకలా.
సరిగ్గా రాసినందుకు దొరకలా.
తప్పు రాస్తే దొరికినా.

నీలం గుడ్డ ముందర నిలబడుకోని నేను.
నెత్తిన తెల్ల ముసుగు, రాయచోటి ఏజెంటుది.
నాకంటే ముందు ఎవరామె కట్టుకునిందో
ఆమె పౌడరు వాసన ఇంకా గుర్తు.
వయసు ముప్పై ఒకటి. బరువు నలభై ఎనిమిది.
మతం, ఊరు, పాసుపోర్టు నంబరు,
పిల్లలు ఇద్దరు, అరబ్బీ కొంచెం,
ఎదురు మాట్లాడదు.
అడుగున ఇన్ని దీనార్లని రాసి
దాని మీద గీత కొట్టి
పక్కన ఇంకా తక్కువ.

ఆ గీత చూసి ప్రిస్కిల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునింది.
నాకే నవ్వొచ్చింది.
సంతలో పొట్టేలుకైనా పండ్లు చూసి రేటు కడతారు మే,
అమ్ముడుపోయినాక
తొమ్మిదేండ్లు ఆడనే కట్టేసి పెట్టుకోరు.

తీసెయ్యమని అడిగేదానికి లోపల ఒక ఫారం ఉంది.
కారణం ఏందో ఎంచుకోమనింది.
పని దొరికింది. వివరాలు తప్పు. రెండుసార్లు పడింది.
ఇంకేమన్నా ఉంటే యాభై అక్షరాల్లో రాయాల.
ఏం రాయించేది?
పాసుపోర్టు మారింది. బరువు అరవై రెండు.
అరబ్బీ కొంచెం కాదు.
ఎదురు మాట్లాడతా.
వివరాలు తప్పు, దాని మీద నొక్కు అన్నా.

అది నువ్వేనని రుజువేంది, అనింది ఫారం.
అకామా ఫోటో పెట్టు. ఇప్పటి ముఖం పెట్టు. నంబరు పెట్టు.
ఒకటి తీయించుకునేదానికి మూడు ఇయ్యాల.
మా ఊరి ఓటర్ల లిస్టులో నా పేరు
నేను అడక్కుండానే కొట్టేసినారు, మనిషి లేదని.
ఈడ బతిమాలినా కొట్టరు.

ప్రిస్కిల్లా ఉపాయం గల్లది.
సూది గుచ్చినాక అంటిస్తారే, ఆ గుండ్రటి పట్టీలు
అకామా నంబరు మీద వరసగా అతికించి ఫోటో తీసింది.
పంపబోతా ఉంటే
ఆగు, అన్నా.

ఆ బొమ్మలో నా చెవికి కమ్మ ఉంది.
ఫోటో దిగిన మర్నాడు
ఏజెంటు బాకీ కింద కుదవ పెట్టిన కమ్మలు.
మళ్ళా విడిపించలా.
ముసుగు జారి ఎడమ చెవి ఒక్కటే కనపడతా ఉంది.
వేళ్ళతో లాగి లాగి పెద్దది చేసి చూసినాం,
రాయి ఎరుపో గులాబియో తెలుసుకుందామని.
పెద్దది చేసేకొద్దీ అది కమ్మ కాకుండా పోయింది,
బియ్యంలో మెరికల మాదిరి గళ్ళు గళ్ళు.
సరే, పంపు.

పదకొండు రోజులకు పోయింది.
పన్నెండో రోజు ఇంకోచోట తేలింది.
అదే ముసుగు, అదే చెవి.
ఈసారి పేరు అబ్లామా.
దీనార్ల మీద గీత లేదు.

ఆ రాత్రే మళ్ళా ఫోను. వేరే గొంతు.
ఆమెకు వయసెంత, అని నేనే అడిగినా.
ముప్పై ఒకటి, అన్నాడు.
"నేనూ ఆ పిల్ల కోసమే వెతకతా ఉండా నాయనా.
కనపడితే ముందు నాకు చెప్పు.
నా కమ్మలు దాని దగ్గరే ఉండాయి."
అంతా అరబ్బీలోనే చెప్పినా,
ఒక్క కమ్మలనే మాట తప్ప.